పాలంటే కాలన్న మామ్మ

రండి, అరుగు మీద కాస్త జరిగి కూర్చోండి. ఇందాక భోజనాల దగ్గర పడీపడీ నవ్వారే, ఆ సంగతి చెప్పుకుందాం. "మామ్మా, పాలు కావాలా?" అని బుజ్జి అడిగితే, మా వదిన "కాలా? ఫరవాలేదే, నొప్పి తగ్గింది" అంది. నవ్వొచ్చే మాటే, నేనూ నవ్వాను. ఆవిడా నవ్వింది. కానీ తర్వాత చెయ్యి కడుక్కునేదాకా మళ్ళీ నోరు విప్పలేదు, గమనించారా?

మామ్మకి వినపడదని మీరనుకుంటున్నారు గానీ, గేటు చప్పుడైతే తల తిప్పుతుంది, పిలిస్తే పలుకుతుంది. ఆవిడ గోడు కూడా అదే: "మాట వినపడుతోందిరా, ఏమన్నారో తెలియడం లేదు" అని. ఇది సాకు కాదర్రా, నికార్సయిన సైన్సు. పాలు, కాలు, చాలు, తాలు అనండి. మొదటి హల్లు తీసేస్తే అన్నిట్లోనూ మిగిలేది 'ఆలు'. అచ్చులకి బలమెక్కువ, శ్రుతి తక్కువ. స, చ, త, క లాంటి హల్లులు ఒట్టి గాలి చప్పుళ్ళు. బలం తక్కువ, శ్రుతి ఎక్కువ. పెద్దతనంలో వచ్చే చెవుడు ముందు ఆ పై శ్రుతులనే మింగేస్తుంది. మామ్మ చెవికి చేరింది 'ఆలు' మాత్రమే. దానికో తలకాయ ఆవిడే తగిలించుకుంది. పొద్దున్నుంచీ కాలునొప్పి ధ్యాసలో ఉందేమో, 'కాలు' అయి కూర్చుంది.

పై శ్రుతులే ఎందుకు ముందు పోతాయంటారా? కర్ణభేరి దాటి లోపలికెళ్తే, మీ పుస్తకంలో కర్ణావర్తం అంటారే, రెండున్నర చుట్లు తిరిగిన బుల్లి గొట్టం, అది ఉంటుంది. అందులో వినికిడి పనిచేసే రోమకణాలు సుమారు 15,000. పై శ్రుతులు పట్టేవి గుమ్మం దగ్గర, కింది శ్రుతులవి లోపలి కొసన. మన చేలో దారి పక్క మడి చూశారుగా! ఏ బండి వచ్చినా, ఏ గొడ్డు దూరినా ముందు నలిగేది దాని వరే. ఎంత లోపలికి పోవాల్సిన చప్పుడైనా ఆ గుమ్మం మీదుగా పోవాల్సిందే మరి. శాస్త్రజ్ఞులు ఇంకా చాలా కారణాలు చెబుతారు గానీ, నాకు నచ్చింది ఇదే.

ఇక పొద్దస్తమానం మాటలకి తలకాయలు అతికించుకుంటూ కూర్చోవడం ఎంత అలుపో ఆలోచించండి. పెళ్ళికి వెళ్ళొస్తే మా వదిన తలనొప్పని పడుకునేది. ఆనక పెళ్ళిళ్ళే మానేసింది. నలుగురూ నవ్వాక ఓ క్షణం ఆగి తనూ నవ్వుతుంది, ఎందుకో తెలియకుండానే. ఇద్దరు మెల్లిగా మాట్లాడుకుంటే తన గురించే అనుకుంటుంది. ఈ ఇంట్లో తగువులు సగం అలా పుట్టినవే. పైగా మనమేం చేస్తాం? "ఏమిటీ?" అని ఒకసారి అడిగితే గొంతు పెంచుతాం, మళ్ళీ అడిగితే "ఏం లేదులే" అంటాం. నన్నడిగితే ఆ "ఏం లేదులే" చెవుడు కంటే చెడ్డది. చెప్పాల్సిన మనిషివి కావు పొమ్మన్నట్టే కదా!

మరి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటారు. సిగ్గు! కళ్ళజోడు పెడితే పెద్దమనిషి, చెవికి మిషను పెడితే చెవిటి మాలోకం. మన సినిమాల్లో చెవిటివాడంటే నవ్వించడానికే కదా. ఈ సిగ్గు మామ్మ ఒక్కదానిదే అనుకోకండి. బీథోవెన్ అని పాశ్చాత్య సంగీతంలో మహానుభావుడు. ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆయనకి చెవులు మొరాయించాయి. 1802లో వియన్నా పక్కన హైలిగెన్‌స్టాట్ అనే ఊళ్ళో కూర్చుని తమ్ముళ్ళకో ఉత్తరం రాశాడు. నాకు వినపడదు, గట్టిగా మాట్లాడండి అని జనంతో చెప్పలేక వాళ్ళకి దూరంగా ఉంటున్నానని, చచ్చిపోదామన్నంత దిగులు కలిగిందని, సంగీతమే ఆపిందని. అదీ పంపలేదు. 1827లో ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. చివరి ఏళ్ళలో, వచ్చినవాళ్ళు చెప్పేది నోటుపుస్తకాల్లో రాసి చూపించేవారు. పాపం, ఆ కాలంలో ఇంతకు మించి ఏముంది, చెవికి ఆనించుకునే బాకాలు తప్ప.

ఇప్పుడలా కాదుగా. ఇన్నాళ్ళకి మా వదిన సరేనంది, సోమవారం మీ బాబాయి తీసుకెళ్తున్నాడు. ముందు చెవి డాక్టరు గులిమి గానీ, కర్ణభేరికి చిల్లు గానీ ఉందేమో చూస్తాడు. ఒక్కోసారి గులిమి తీస్తే చాలు, మనిషి లేచి కూర్చుంటాడు. (మీరు మాత్రం అగ్గిపుల్లలు, పిన్నీసులు పెట్టారో, వీపు చిట్లుతుంది.) తర్వాత చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి కుయ్‌మని సన్నగా వినిపిస్తారు, వినపడితే బటను నొక్కాలి. 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా పరీక్షించి గీత గీస్తారు. నాకూ చెవికి మిషనుందిగా, నా గీత కుడివైపుకి జారుడుబల్లలా దిగింది. ఎక్కడ దిగితే అక్కడే పెంచేలా మిషను సర్దుతారు.

పెట్టుకున్న కొత్తలో పోపు చిటపటలు, పేపరు చప్పుడు, నా నమిలే చప్పుడూ నాకే చికాకనిపించాయి. చాలామంది ఇక్కడే విసిగి డ్రాయరులో పడేస్తారు. ఏళ్ళ తరబడి వినని చప్పుళ్ళు కదా, ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో మెదడు మళ్ళీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోవాలి. ఎక్కడికి వెళ్ళాలంటారా? ముంబయిలో 1983లో పెట్టిన జాతీయ వినికిడి సంస్థకి అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన మన హైదరాబాదు మనిషి, ఉస్మానియాకి వైస్ చాన్సలరుగా చేశారు. ఆ సంస్థ శాఖ సికింద్రాబాదులో ఉంది.

మిషను వచ్చినా మీకో పనుంది. మామ్మ దగ్గర అరవకండి. అరిస్తే పెరిగేది అచ్చే. 'ఆలు' పెద్దదవుతుంది, ముందున్న 'ప' పెరగదు. ఎదురుగా వెళ్ళి, మొహం మీద వెలుతురు పడేలా నిలబడి, నిదానంగా చెప్పండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, గొంతు లేకుండా 'పాలు' అనండి, 'కాలు' అనండి. చూశారా? 'ప'కి పెదవులు కలిశాయి, 'క'కి కలవలేదు. చెవికి అందనిది కంటికి అందింది!

పోయిన రోమకణాలు మళ్ళీ మొలవవా అంటావా చిన్నోడా? మనుషులకి మొలవవు. కోడికి మొలుస్తాయి! పెద్ద చప్పుడుకి చెడిపోయిన కోడిపిల్ల చెవిలో కణాలు మళ్ళీ పుట్టుకొస్తున్నాయని 1980ల చివర్లో అమెరికాలో కనిపెట్టారు. మన పెరట్లో గింజలేరుకునే దానికున్న భాగ్యం బీథోవెన్‌కి లేకపోయింది చూడండి. ఆ కిటుకు మనక్కూడా పట్టుబడుతుందేమోనని అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నారు.

ఏమిటే బుజ్జీ? కోడికసలు చెవులెక్కడున్నాయా? ఉన్నాయి, కంటికి కాస్త వెనకాల, ఈకల కింద చిన్న కన్నం. ఎర్ర పుంజుని మెల్లిగా పట్టుకురండి, ఈకలు తప్పించి చూపిస్తా. మామ్మని కూడా పిలవండి, అరవకుండా, ఎదురుగా వెళ్ళి.