తాతయ్యకు ఊపిరితిత్తుల స్కాన్: ఏ వయసు వరకు?



ఇంట్లో పెద్దవారికి హెల్త్ చెకప్ ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు ‘ఛాతీ సీటీ స్కాన్ కూడా కలపమంటారా?’ అని మిమ్మల్ని అడిగి ఉండవచ్చు. ఔననే ముందు రెండు విషయాలు చూడాలి: వారి వయసు, పొగతాగిన చరిత్ర.

ఏ లక్షణమూ లేనివారిలో క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి చేసే పరీక్షను స్క్రీనింగ్ అంటారు. ఊపిరితిత్తులకైతే తక్కువ రేడియేషన్‌తో సీటీ తీస్తారు. మామూలు ఎక్స్‌రే ఇందుకు సరిపోదు. బాగా పొగతాగిన 55–74 ఏళ్లవారిపై అమెరికాలో జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. ఎక్స్‌రే తీయించుకున్నవారితో పోలిస్తే, సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ.

అక్కడి నిపుణుల బృందం 2021లో ఈ వయసును 50–80గా సవరించింది. రోజుకు 20 సిగరెట్ల చొప్పున 20 ఏళ్లు, లేదా అంతకు సమానంగా తాగి ఉండాలి. ఇప్పటికీ తాగుతుండాలి, లేదా మానేసి 15 ఏళ్లు దాటకూడదు. బ్రిటన్‌లో పొగతాగే, గతంలో తాగిన 55–74 ఏళ్లవారిని పిలుస్తారు. మన దేశ జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మాత్రం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే.

మరి 80 దాటినవారిని వదిలేసినట్టేనా? కాదు. స్కాన్‌లో మచ్చ కనిపిస్తే బయాప్సీ, ఆ తర్వాత ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేసే ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. దాన్ని తట్టుకోలేని శరీరానికి స్కాన్ వల్ల మిగిలేది దిగులే. అందుకే 68 ఏళ్లకే గుండె బాగా బలహీనపడినవారికి కూడా ఇది వద్దనే అంటారు. పైగా మన దగ్గర పాత టీబీ మచ్చలు కూడా స్కాన్‌లో అనుమానం రేపుతాయి. పాత ఎక్స్‌రేలు ఉంటే పారేయకండి, డాక్టరుకు చూపించండి.

ఈ వయోపరిమితి స్క్రీనింగ్‌కే. రెండు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా ఆయాసం ఉంటే 85 ఏళ్లయినా డాక్టరును కలవాల్సిందే. ‘వయసు మీద పడిందిలే’ అని మనమే సర్దిచెప్పుకుని ఆలస్యం చేస్తుంటాం. దగ్గుకు ముందుగా చేసే టీబీ కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

వెళ్లేటప్పుడు తాతయ్య సిగరెట్టు, బీడీ, చుట్ట ఏది ఎన్నేళ్లు తాగారో, ఎప్పుడు మానేశారో రాసుకెళ్లండి. నానమ్మ కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్లను పై లెక్కల్లో కలపరు. అయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.