ఆముదపు గెల

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన సామెత. ఎగతాళికి పుట్టిన మాటే అయినా, అందులో కొంత సత్యం లేకపోలేదు. తక్కిన పైరులు తాళలేని మెట్టచెలకలలో ఈ మొక్క తాళుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఎర్రనేలలలో తరతరాలుగా రైతు దీనిని నమ్ముకొనడానికి కారణం అదే. ఆ శక్తి దాని వేరులోను, గెలలోను ఉన్నది. ఈ రెంటి స్వభావం తెలిస్తే సేద్యంలోని మెళకువలు సులభంగా బోధపడతాయి.

సంస్కృతంలో దీనిని ఏరండమంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిసినస్ కమ్యూనిస్. లాటిను భాషలో రిసినస్ అంటే పశువులను పట్టే గోమారి. మచ్చలతో నున్నగా ఉబ్బి ఉండే గింజను చూసినవారికి ఆ పోలిక వెంటనే తోస్తుంది. ఈజిప్టులోని ప్రాచీన సమాధులలో సైతం ఈ గింజలు లభించినవి.

విత్తిన పది పదిహేను రోజులకు మొలక పైకి వస్తుంది. తల్లివేరు లోతుగా దిగి, పైపొర ఎండినా అడుగు తేమను అందుకొంటుంది. కాండం కొన్ని కణుపులు పెరిగిన తరువాత దాని కొన గెలగా మారుతుంది. అంతటితో పెరుగుదల ఆగదు. గెలకు క్రిందనున్న కణుపుల నుండి కొమ్మలు పుట్టి, వాటి కొనలు కూడ గెలలవుతాయి. జొన్న కంకి పాలుపోసుకొనే వేళ వాన తప్పితే ఆ పంట ఆశ సన్నగిల్లినట్లే. ఆముదం అట్లా కాదు. మొదటి గెల బెట్టకు చిక్కినా, తరువాత వానపడితే రెండవ మూడవ గెలలు కొంత నష్టాన్ని పూడ్చగలవు.

గెలలోని పూలకు రేకులు లేవు. పైభాగాన ఎర్రని కీలాగ్రాలతో ఆడపూలు, క్రిందిభాగాన పసుపువన్నె పుప్పొడితో మగపూలు ఉంటాయి. పుప్పొడిని మోసేది ముఖ్యంగా గాలి. ఎండ తీవ్రమైతే మగపూలు హెచ్చి, ఆడపూలు తగ్గుతాయి. ఆడపూలు తగ్గితే కాయలు తగ్గుతాయి. ఫలదీకరణం జరిగిన ప్రతి ఆడపువ్వు మూడు అరలు గల కాయ అవుతుంది, అరకొక గింజ.

గాలి పొరుగు చేని పుప్పొడిని కూడ తెస్తుంది గనుక రకాలు కలిసిపోతాయి. విత్తనానికి ఉంచదలచిన చేను ఇతర రకాలకు దూరంగా ఉండవలెను. సంకరరకపు పంటనుండి తీసిన గింజలను మరల విత్తితే తల్లి గుణం నిలువదు. ఏటేటా కొత్త విత్తనం తెచ్చుకొనక తప్పదు. క్రాంతి, హరిత వంటి సూటిరకాలకు ఆ ఇబ్బంది లేదు.

పూర్వపు రకాలు తొమ్మిది నెలలు చేనును ఆక్రమించేవి. హెచ్.సి.6 అనే రకపు గింజలపై న్యూట్రాన్లను ప్రసరింపజేసి రూపొందించిన 'అరుణ' 1969లో విడుదలైనది. అది నాలుగైదు నెలలలోనే పంటకు వచ్చినది. వానలు వెనుదీయక ముందే తొలి గెలలు చేతికి రావడం మెట్టరైతుకు చిన్న లాభం కాదు.

తొలకరి వానలకు, జూన్ జూలై నెలలలో విత్తడం మేలు. సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడమ తేలికనేలకు సరిపోతుంది. లేతదశలో మొక్క మెల్లగా పెరుగుతుంది గనుక మొదటి నెలన్నర కలుపును అణచవలెను. దాసరిపురుగు ఆకులను ఈనెల వరకు తినివేస్తుంది. గెల పూసే రోజులలో ముసురు పట్టితే బూజుతెగులు సోకుతుంది. అట్టి గెలలను వెంటనే కోసి చేనికి దూరంగా నాశనం చేయవలెను. గెలలు ఒక్కసారి పండవు గనుక, సుమారు మూడు నెలలు దాటినది మొదలు ఎండిన వాటిని ఎండినట్లు విడతలుగా కోయవలెను.

గింజ బరువులో దాదాపు సగం నూనె. ఆ నూనెలో అధికభాగం రిసినోలిక్ ఆమ్లం. ఇది ప్రేగులలోని కండరాలను సంకోచింపజేసే మార్గాన్ని జర్మనీ శాస్త్రజ్ఞులు 2012లో కనుగొన్నారు. విరేచనౌషధంగా ఆముదానికి గల ఖ్యాతికి మూలం అదే. గర్భిణులు వైద్యుని అడుగకుండ దీనిని లోపలికి పుచ్చుకొనరాదు.

ఆ గింజలోనే రిసిన్ అనే తీవ్రవిషం ఉన్నది. అది మాంసకృత్తు, నూనెలో కరగదు, పిండిలోనే మిగులుతుంది, తగినంత వేడిమికి నశిస్తుంది. గింజలను వేయించి, దంచి, నీళ్లలో కాచి, పైకి తేలిన నూనెను తీసే వంటాముదపు పద్ధతిలోని మేలు ఇప్పుడు తెలుస్తున్నది. ఆముదపు పిండి పొలానికి మంచి ఎరువు, పశువుకు మేత మాత్రం కాదు. మచ్చల గింజలు పిల్లలకు ఆటవస్తువులుగా కనబడతాయి. నమిలితే కొద్ది గింజలైనా ప్రాణాపాయం. కళ్లంలోను, పెరటిలోను రాలిన గింజలను ఏరివేయడం కూడ ఈ సేద్యంలో ఒక భాగమే.