అంతర్జాలంలో మానసిక చికిత్స: మీరిప్పుడు ఎక్కడ ఉన్నారు?

తెర మీద మాట్లాడి మనోవ్యాధులకు చికిత్స చేయడం అంతర్జాలంతో మొదలైన పని కాదు. అమెరికాలోని నెబ్రాస్కాలో సెసిల్ విట్సన్ అనే మనోవైద్యుడి బృందం 1959లోనే రెండువైపులా కనిపించే టెలివిజన్ ద్వారా సామూహిక చికిత్స జరిపింది. కోవిడ్ కాలంలో ఆ పద్ధతి ఇళ్ళలోకి వచ్చేసింది. ఆందోళనకూ కుంగుబాటుకూ వీడియో ద్వారా అందించే సీబీటీ, ముఖాముఖి చికిత్సకు దాదాపు సమానంగా పనిచేస్తుందని పలు పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్ల సంభాషణ మొదట్లో వైద్యుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, మీరిప్పుడు ఎక్కడ ఉండి మాట్లాడుతున్నారు, అన్నదే.

అమెరికా చట్టాల దృష్టిలో చికిత్స జరిగేది రోగి ఉన్నచోట. డాలస్‌లో చదువుకునే తెలుగు విద్యార్థికి చికిత్స చేయాలంటే టెక్సాస్ లైసెన్సు కావాలి. సైప్యాక్ట్ అనే ఒప్పందంలో 40కి పైగా రాష్ట్రాలు చేరడంతో సైకాలజిస్టులకు ఆ సరిహద్దులు కొంత సడలాయి. హైదరాబాదు కౌన్సెలరుకు ఆ వెసులుబాటు లేదు. ఇదంతా కాగితాల గొడవగా తోచవచ్చు. కాని ఆ విద్యార్థి ఒక రాత్రి "ఇక బతకాలని లేదు" అన్నాడనుకోండి. హైదరాబాదు నుండి 911 నొక్కితే డాలస్ పోలీసులు పలకరు. రోగి చిరునామా, దగ్గరలో ఉన్న ఒక స్నేహితుడి ఫోను, అక్కడి పోలీసుల పూర్తి నంబరు మొదటి రోజే రాసుకోని కౌన్సెలరు ఎంత నిపుణుడైనా ఆ రాత్రి నిస్సహాయుడే. అమెరికాలో ఉన్నవారికి 988, భారతదేశంలో ఉన్నవారికి తెలుగులోనూ పలికే టెలి మానస్ 14416 ఉన్నాయి. రెండూ 2022లో వచ్చినవే.

అయినా మనవాళ్ళు హైదరాబాదు వైపే చూడటానికి కారణం భాష. మన పెద్దవారు దిగులుగా ఉందని చెప్పరు. గుండెల్లో బరువు, ఒళ్ళంతా మంటలు, నిద్ర పట్టదు అంటారు. ఆ మాటలను ఇంగ్లీషులోకి మారిస్తే ముందు గుండె పరీక్షలే జరుగుతాయి. తెలుగు వైద్యుడు దొరికితే ఆ తల్లి మాట్లాడుతుందా అంటే, అదీ ఇల్లును బట్టే. కొడుకే వీడియో కలిపి పక్కన కూర్చుంటాడు, కోడలు వంటగదిలో ఉంటుంది. "అంతా బాగానే ఉంది బాబూ" అంటుంది ఆమె. అటువంటప్పుడు వీడియో కంటే పార్కులో నడుస్తూ చేసే మామూలు ఫోను సంభాషణే మేలని నా అభిప్రాయం. చలికాలంలో గరాజులో ఆగి ఉన్న కారులో కూర్చుని మాట్లాడినా సరే. అందుకోసం తాళం ఎందుకో చెప్పి కోడలిని అడగవలసి రావడం మరో చిక్కు.