వీధి దీపానికీ వివేకం కావాలి

సూర్యుడు ఎప్పుడు అస్తమిస్తాడో, తొలి వెలుగు ఎప్పుడు విచ్చుకుంటుందో నమాజు వేళలు పాటించే కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. హైదరాబాదులో డిసెంబరు ఆరంభంలో సుమారు 5:40కే మగ్రిబ్ అవుతుంది. జూలై ఆరంభంలో అదే 6:55 ప్రాంతానికి జరుగుతుంది. ఈ గంటంబావు తేడాను లెక్కించని వీధి దీపం ఒక కాలంలో పగటి వెలుతురులో వృథాగా వెలుగుతుంది, మరో కాలంలో చీకటి పడినా వెలగదు. అందుకే నేటి నియంత్రణ పెట్టెల్లోని గడియారాలు మన నమాజు పట్టికల మాదిరిగానే అక్షాంశ రేఖాంశాలనూ తేదీనీ బట్టి సూర్యాస్తమయాన్ని గణిస్తాయి. అయితే దీపానికి ఎప్పుడు వెలగాలో తెలిస్తే చాలదు, ఏ వేళకు ఎంత వెలగాలో కూడా తెలియాలి.

మార్పు వచ్చిన తీరు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తరువాత, కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని ఈఈఎస్ఎల్ సంస్థ అక్కడ దాదాపు 92 వేల ఎల్ఈడీ వీధి దీపాలు అమర్చింది. 2015 జనవరిలో జాతీయ వీధి దీపాల కార్యక్రమం ఆరంభమైంది. హైదరాబాదులో 2017-18లో జీహెచ్ఎంసీ అదే సంస్థ ద్వారా 4 లక్షలకు పైగా దీపాలను మార్చింది.

పాత సోడియం దీపం పూర్తిగా వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆరితే, చల్లబడేదాకా మళ్లీ వెలిగేది కాదు. ఎల్ఈడీ అలా కాదు. విద్యుత్ ప్రవాహాన్ని తగ్గిస్తే ఆ క్షణమే కాంతి తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. డిమ్మింగ్ విధానానికి పునాది ఈ గుణమే.

ఒక చిన్న లెక్క చూద్దాం. వంద వాట్ల దీపం రాత్రి పన్నెండు గంటలు పూర్తిగా వెలిగితే 1.2 యూనిట్లు ఖర్చవుతుంది. అందులో ఆరు గంటలు సగం శక్తితో వెలిగితే ఖర్చు 0.9 యూనిట్లే. అంటే నాలుగో వంతు ఆదా. అయినా వీధి సగం చీకటైనట్టు మనకు అనిపించదు, ఎందుకంటే మన కన్ను కాంతిని కొలమానంలా కొలవదు. పూర్వం పొదుపు కోసం స్తంభం విడిచి స్తంభం ఆర్పేవారు. వెలుగు నుంచి చీకటి మడుగులోకి అడుగుపెట్టిన కన్ను తడబడేది. అన్నిటినీ సమానంగా తగ్గిస్తే ఆ ప్రమాదం ఉండదు.

రూపకల్పనలో మెలకువలు

వీధి అవసరాన్ని బట్టి కాంతి మారాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 అత్యంత రద్దీ రహదారులకు సగటున 30 లక్సులు, చిన్న వీధులకు 4 లక్సుల వెలుతురు నిర్దేశించింది. కనుక శ్రీనగర్ కాలనీ ప్రధాన రహదారికి పెట్టిన పట్టికనే లోపలి గల్లీకి పెట్టడం తగదు.

మనిషి అలికిడిని గుర్తించే సెన్సార్లు ఉంటే దీపం అవసరమైనప్పుడే ప్రకాశిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. స్తంభాల మధ్య ముప్పై మీటర్ల దూరం ఉంటే మూడు సెకన్లలోపే తరువాతి స్తంభాన్ని చేరుతుంది. కనుక తొలి దీపం తన ముందున్న దీపాలకు తక్షణం సంకేతం పంపాలి. వీధి కుక్కలకూ ఊగే కొమ్మలకూ సెన్సారు స్పందించకుండా సరిచేయాలి. చెట్ల కొమ్మలు కప్పిన చోట వెలుతురు ముందే తక్కువ కనుక అక్కడ మరింత తగ్గించరాదు. సంకేతాలు తెగిపోతే దీపం పూర్తిగా వెలిగే స్థితికి రావాలి. యంత్రం తప్పితే నష్టం కరెంటు బిల్లు మీద పడాలి గాని, బాటసారి మీద పడకూడదు.

ఆ వేళ వీధిలో ఎవరున్నారు?

పట్టిక రాసేవారు సాధారణంగా వాహనాల రద్దీని చూసి అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా కాంతి తగ్గిస్తారు. కాని వాహనాలు తగ్గిన వేళ కాలినడకవారు లేరని కాదు. శ్రీనగర్ కాలనీకి సమీపంలోనే కృష్ణానగర్ ఉంది. అక్కడి సినీ కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు తెల్లవారకముందే షూటింగులకు బయలుదేరుతారు, చాలా పొద్దుపోయి తిరిగివస్తారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. జూన్‌లో 4:20 ప్రాంతంలోనే ఫజ్ర్ వేళ ప్రవేశిస్తుంది. అప్పుడు మస్జిదుకు నడిచే వృద్ధునికి రోడ్డు మీది గుంత కనబడాలి. రమజాన్‌లో తరావీహ్ మొదలు సహరీ దాకా వీధులు మేలుకొని ఉంటాయి. ఆ మాసం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒకసారి రాసి మరచిన పట్టికకు ఈ సంగతి తెలియదు.

వృథా చేయడం తప్పే. ఎవరికీ ఉపయోగపడకుండా రాత్రంతా వెలిగే దీపం ప్రజాధనాన్ని కాల్చివేస్తుంది. అయితే అవసరమున్న వాని నుంచి లాగుకున్నది పొదుపు అనిపించుకోదు. కాబట్టి కాలనీ సంక్షేమ సంఘాలూ మస్జిద్ కమిటీలూ కలిసి తమ వీధుల్లో ఏ వేళ ఎవరు నడుస్తారో రాసి మున్సిపల్ అధికారులకు అందించాలని మా మనవి. ఆ వివరాలను ఏ సెన్సారూ ముందుగా చెప్పలేదు, వీధిలో నివసించేవారే చెప్పగలరు.