ఒంటి పట్టా మీద నడిచిన రైలు

ఢిల్లీ రైల్వే మ్యూజియంలో రైతులు చూడదగ్గ బండి

కాశీ, హరిద్వారం యాత్రలకు వెళ్లిన మన పల్లెల వారు తిరుగు దారిలో ఢిల్లీలో ఒకటి రెండు రోజులు ఆగడం మామూలే. ఎర్రకోట, కుతుబ్ మీనార్, రాజఘాట్ చూసి రైలెక్కేస్తారు. తమను అంత దూరం మోసుకెళ్లిన రైలు కథ చెప్పే చోటు కూడా ఆ నగరంలోనే ఉన్నదని చాలామందికి తెలియదు. చాణక్యపురిలోని జాతీయ రైల్వే మ్యూజియం అది.

దీనికి 1971లో శంకుస్థాపన చేసినవారు ఆనాటి రాష్ట్రపతి, తెలుగువారైన వి.వి. గిరి. 1977లో మ్యూజియం ప్రారంభమయింది. ఆరుబయట పట్టాల మీద పాత ఇంజన్లు, పెట్టెలు బారులు తీరి ఉంటాయి. మైసూరు మహారాజావారు ప్రయాణించిన పెట్టె, 1875లో ఇంగ్లండు యువరాజు కోసం తయారైన పెట్టె చూసేవారిని ఆకట్టుకుంటాయి. 1894లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో మెయిలు బండికి ఎదురెళ్లి చచ్చిన ఏనుగు పుర్రెను కూడా లోపల భద్రపరిచారు. విజయనగరం, వాల్తేరుల మీదుగా బళ్లు నడిపింది ఆ కంపెనీయే.

ఎడ్లకు పని తేలిక

అయితే సేద్యం చేసుకునేవారు ముఖ్యంగా చూడవలసింది రాజుల పెట్టెలు కాదు, పటియాలా సంస్థానపు ఒంటి పట్టా రైలు. దీనికి రెండు పట్టాలు ఉండవు. రోడ్డు వారగా ఒకే ఇనుప పట్టా వేస్తారు. బండి కింది చిన్న చక్రాలు దాని మీద దొర్లుతాయి. బండి ఒరిగిపోకుండా ఒక పక్క పెద్ద చక్రం రోడ్డు మీద నడుస్తుంది. బరువులో నూటికి 95 పాళ్లు పట్టాయే మోస్తుంది. పక్క చక్రం మీద పడేది స్వల్పం.

బురద దారిలో బండి ఇరుసు దాకా దిగబడితే ఎడ్లు పడే అవస్థ రైతుకు చెప్పనక్కరలేదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లితే అదే జంతువు ఎన్నో రెట్లు బరువు లాగుతుంది. పైగా ఉన్న రోడ్డే చాలు. కొత్తగా భూమి తీసుకోనక్కరలేదు, ఇనుము ఖర్చు సగం.

కల్నల్ బౌల్స్ అనే ఇంజనీరు 1907 నుంచి ఈ మార్గాలు వేయించాడు. సర్హింద్ స్టేషన్ నుంచి బస్సీకి ఒకటి, పటియాలా నుంచి సునామ్ వైపు మరొకటి. బస్సీ ధాన్యం మార్కెట్టు ఉన్న ఊరు. సంస్థానం సైన్యం కోసం మేపుతున్న కంచరగాడిదలు ఈ బళ్లు లాగాయి. ఎడ్లనూ కట్టారు. తర్వాత జర్మనీ నుంచి నాలుగు ఆవిరి ఇంజన్లు తెప్పించారు. సరుకులతో పాటు జనమూ ఎక్కారు. రోడ్లు బాగుపడి, మోటారు బళ్లు, లారీలు రావడంతో 1927లో ఇది మూతపడింది.

పాత షెడ్డులో దొరికింది

ఆ తర్వాత జనం దీన్ని మరిచిపోయారు. 1962లో పటియాలా పబ్లిక్ వర్క్స్ శాఖ షెడ్డులో పాత ఇనుము మధ్య దీని ఇంజన్లు పడి ఉండగా మైక్ సాటో అనే రైల్వే చరిత్రకారుడు గుర్తించాడు. అమృత్‌సర్ వర్క్‌షాపులో ఒక ఇంజన్ను బాగుచేసి మ్యూజియంకు చేర్చారు. దాన్ని ఆవిరితో నడిపి చూపించే ఏర్పాటూ చేశారు. తూకానికి అమ్మి ఉంటే ఈ వింత మనకు దక్కేది కాదు.

ఒక్క లోటు మాత్రం ఉన్నది. ఇంజను వెనుక కనిపించేది చీఫ్ ఇంజనీరు తనిఖీకి వాడిన పెట్టె. రైతుల గోధుమలు మోసిన బండి కాదు. రాజులవి, అధికారులవి నిలుస్తాయి. బరువు మోసినవి చెదలకో, కొలిమికో పోతాయి.

మన ఊళ్లలోనూ అంతే. గూడు బండి, మోట బాన, ఏతం వంటివి చాలాచోట్ల పొయ్యిలోకి, పాత సామాన్ల వాడికి పోయాయి. పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో ఒక మూల కేటాయించి, మిగిలిన ఒకటి రెండింటిని ఉంచితే రేపటి పిల్లలు ఢిల్లీ దాకా పోనక్కరలేదు.

ఢిల్లీ వెళ్లేవారు సోమవారం మ్యూజియంకు సెలవని గుర్తుంచుకోవాలి. ఒంటి పట్టా రైలు నడిపే రోజు ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది.