పసిబిడ్డకు ఫిట్స్, పెద్దవాడికి వంకర్లు: వేరు ఒక్కటే కావచ్చు

ఆరు నెలల బిడ్డకు జ్వరం లేకుండానే కళ్ళు తేలిపోయి, కాళ్ళు చేతులు కొట్టుకుంటాయి. అదే ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లవాడు దిగ్గున లేచినా, పరుగు మొదలుపెట్టినా చెయ్యి మెలితిరిగి, కాలు వంకరపోతుంది. తెలివి తప్పడు. నిమిషంలోపే మామూలవుతాడు. మన గ్రామాలలో దీనిని గాలి సోకిందనేవారున్నారు, కోడలి పుట్టింటి పాపమనేవారూ ఉన్నారు.

ఈ రెండింటికీ ఒకే జన్యులోపం కారణం కావచ్చు. వంశంలో వచ్చే ఈ వంకర్లకు పి.ఆర్.ఆర్.టి.2 అనే జన్యువు కారణమని 2011లో చైనా పరిశోధకులు కనుగొన్నారు. కొన్ని కుటుంబాలలో పసిపిల్లల ఫిట్స్‌కూ అదే మూలమని 2012లో తేలింది. తల్లిదండ్రులలో ఒక్కరికి ఈ లోపమున్నా ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం సగం. లోపమున్నా కొందరిలో ఏ లక్షణమూ కనిపించదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న తండ్రి నుండి కూడా రావచ్చు. మేనరికం లేకపోయినా వస్తుంది. అయితే ఇటువంటి కుటుంబంలో మేనరికం చేసుకొని, లోపం ఇరువైపుల నుండీ బిడ్డకు చేరితే జబ్బు తీవ్రమవుతుంది.

పుట్టుగ్రుడ్డివాని విషయమై, పాపము వానిదా, కన్నవారిదా అని శిష్యులడిగితే, ప్రభువు ఎవరిదీ కాదన్నాడు. కోడలిని నిందించే ఇంటివారు ఆ మాట తలంచుకోవాలి.

ఈ రకం ఫిట్స్ సాధారణంగా మూడవ నెల నుండి ఏడాది లోపు మొదలై, చాలామందిలో రెండేళ్ళకు ఆగిపోతాయి. తరువాత వచ్చే వంకర్లు కార్బమజెపైన్ మందు కొద్ది మోతాదుతోనే చాలామందికి తగ్గుతాయి. డాక్టరు చెప్పకుండా మాత్రం ఏ మందూ వాడరాదు.

పసిబిడ్డకు వచ్చే ప్రతి ఫిట్టూ ఇదే అనుకోవద్దు. మెదడుకు సోకిన జబ్బు, రక్తంలో చక్కెర గాని కాల్షియం గాని తగ్గడం కూడా కారణాలే. అందుచేత మొదటి ఫిట్టుకే ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతికి తాళంచెవులు, ఒంటిపై వాతలు వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

సిద్దిపేటలో 2018 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. హైదరాబాదులో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉన్నాయి. వెళ్ళేముందు తల్లి వైపు, తండ్రి వైపు ఎవరెవరికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయో, ఎవరికి వంకర్లున్నాయో తాతమ్మలను అడిగి కాగితంపై వ్రాసుకోండి. పరువు పోతుందని దాచవద్దు. డాక్టరుకు దారి చూపేది ఆ కాగితమే.