5.4 విద్యుత్ మీటర్లకు ఆర్.ఎస్.-485 పోర్టు వైరింగ్

పానెల్ బోర్డులోని డిజిటల్ మీటర్ల రీడింగులను కంప్యూటరుకు చేర్చడానికి ఎక్కువగా ఆర్.ఎస్.-485 పోర్టును వాడతారు. ఇందులో సమాచారం ఎ, బి అనే రెండు తీగల మధ్య వోల్టేజీ తేడా రూపంలో ప్రయాణిస్తుంది. తీగలను మెలితిప్పడం వల్ల బయటి విద్యుత్ అలజడి రెండింటిమీదా దాదాపు సమానంగా పడి, తేడా మారదు. అందుకే ట్విస్టెడ్ పెయిర్ కేబులునే వాడాలి.

మీటర్లను ఒకదాని నుంచి మరొకదానికి గొలుసులా కలపాలి. లైను రెండు చివర్లలో మాత్రమే ఎ, బిల మధ్య 120 ఓముల నిరోధకాన్ని అమర్చాలి. అవి లేకపోతే సంకేతం చివర పరావర్తనం చెంది, వెనుక వచ్చే సంకేతాన్ని పాడుచేయవచ్చు. మధ్య మీటర్లకూ అమర్చితే సంకేతం బలహీనపడుతుంది. కేబులు షీల్డును సాధారణంగా ఒక చివరే ఎర్త్ చేస్తారు.

ఒక్క మీటరే స్పందించకపోతే ముందుగా దాని ఎ, బి తీగలు తారుమారయ్యాయేమో చూడండి. తయారీదారులందరూ ఈ గుర్తులను ఒకే అర్థంలో వాడరు. తరువాత చిరునామా, బాడ్ రేటు సరిచూడండి. రెండు మీటర్లకు ఒకే చిరునామా ఉండకూడదు.

హెచ్చరిక: పని మొదలుపెట్టే ముందు సరఫరా ఆపాలి. కరెంటు ప్రవహిస్తుండగా సి.టి. సెకండరీని విప్పితే ప్రాణాంతకమైన వోల్టేజీ ఏర్పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కంప్యూటరు ఒక చివర ఉండి, పది మీటర్లు గొలుసులా ఉంటే ఎన్ని నిరోధకాలు కావాలి? ఎక్కడెక్కడ?